హోదా పేరు చూసి చేరకండి

సీసీఎన్‌ఏ చేసి ఉద్యోగం వెతుక్కుంటున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు తరచూ అడుగుతుంటారు: "అన్నా, నెట్‌వర్క్ ఇంజినీర్ అని ఆఫర్ వచ్చింది, చేరిపోమంటావా?"

ముందు పనేంటో కనుక్కోండి. ఒక కంపెనీలో నెట్‌వర్క్ ఇంజినీర్ అంటే రౌటర్లు, స్విచ్‌లు, ఫైర్‌వాల్‌లు కాన్ఫిగర్ చేసే మనిషి. ఇంకోచోట అదే హోదా ఇచ్చి వైఫై, ప్రింటర్లు కూడా చూసుకోమంటారు. అడ్మినిస్ట్రేటర్ సంగతీ అంతే. ఆర్కిటెక్ట్ అంటే మాత్రం ఎక్కువచోట్ల డిజైన్ పనే, దానికి ఏళ్ల అనుభవం కావాలి.

ఎన్‌ఓసీ (నెట్‌వర్క్ ఆపరేషన్స్ సెంటర్) ఉద్యోగాన్ని చిన్నచూపు చూస్తే నాకు బాధేస్తుంది. రాత్రి రెండింటికి ఏదో బ్రాంచ్ లింక్ పడిపోయి తెర మీద ఎర్రగా అలారం వస్తుంది. ఎల్1లో, అంటే మొదటి స్థాయి సపోర్ట్‌లో, ఉన్న అమ్మాయి అక్కడ కరెంటుందో లేదో కనుక్కుని, టికెట్ తెరిచి, సర్వీస్ ప్రొవైడర్‌కి ఫోన్ చేసి సర్క్యూట్ ఐడీ చెబుతుంది. లింక్ బాగానే ఉండి రూట్లు రాకపోతే ఎల్2 వాళ్లు లాగిన్ అయి బీజీపీ నైబర్ ఎందుకు డౌన్ అయిందో చూస్తారు. అక్కడా తేలకపోతే ఎల్3. ఈ అనుభవం ఏ ల్యాబ్‌లోనూ దొరకదు.

సిస్కో 2020లో సీసీఎన్‌ఏలోని విడివిడి శాఖల్ని కలిపి ఒకే పరీక్ష చేసి, ఆటోమేషన్‌నీ సిలబస్‌లో పెట్టింది. కాబట్టి కాస్త పైథాన్ కూడా నేర్చుకోండి.

ఇంటర్వ్యూలో మొహమాటపడకుండా అడగండి: డివైజ్‌లలో మార్పులు చేసే యాక్సెస్ ఇస్తారా, టికెట్ పైకి పంపడం వరకేనా? ఎల్1లో చేరినవాళ్లు ఎన్నాళ్లకి ఎల్2కి వెళ్తున్నారు?