ప్రాణవాయువు వెల

2021వ సంవత్సరము మే మాసమున మా తోడి యుపాధ్యాయునకు కరోనా సోకి యూపిరి యందకపోగా, ఆక్సిజను సిలిండరు నింపించుటకై మేము రాత్రియంతయు వరుసలో నిలిచితిమి. ఆ పెద్ద సిలిండరులో, వాతావరణ పీడనమునకు సుమారు 150 రెట్ల యొత్తిడితో, 7 ఘనమీటరుల వాయువు పట్టును. నింపువారు ఘనమీటరునకు 25 రూపాయల 71 పైసలకు మించి కొనరాదని 2020 సెప్టెంబరులోనే ప్రభుత్వము నిర్ణయించియుండెను. పన్ను గాక 180 రూపాయలు! గుణకారము మాకు రాకపోలేదు. కూరగాయలకడ రూపాయకు బేరమాడు మేము, అడిగిన మూడువేలును మారుమాట లేక చెల్లించితిమి. నిమిషమునకు 10 లీటరుల చొప్పున నది పండ్రెండు గంటలైనను నిలువదు. తెల్లవారి యాతని మంచముచెంత పీడనమాపకపు ముల్లునే చూచుచు గూర్చుంటిమి. సాయంకాలమునకు మరల వరుసలో నిలిచితిమి.