48 గంటలు

సెలవులకి మర్రిగూడ దగ్గర మా ఊరెళ్లినప్పుడు స్టైన్స్ గేట్ 13వ ఎపిసోడ్ మళ్లీ చూశాను. 2011 నాటి అనిమే అయినా, చూడనివాళ్లు ఇక్కడే ఆగండి, స్పాయిలర్ ఉంది.

మయూరిని కాపాడటానికి ఒకాబే టైమ్ లీప్ చేస్తూనే ఉంటాడు. వెనక్కి వెళ్లేది మనిషి కాదు, జ్ఞాపకాలే. అదీ 48 గంటల వరకే. ఏ దారిలో పారిపోయినా ఆమె చనిపోతుంది. మొదటిసారి చూసినప్పుడు ఇన్ఫినిట్ లూప్‌లో బ్రేక్ కండిషన్ వెతికినట్టు వెతికాను. ఈసారి, చావుల కన్నా, ఏమీ తెలియని మయూరి మళ్లీ మామూలుగా మాట్లాడటమే కష్టంగా అనిపించింది.

పక్క మంచంలో తాత. ఫ్లోరైడ్ నీళ్లకి వెన్ను బిగుసుకుపోయి మెడ తిప్పలేడు, ఫోన్ ఆయన ముందుకే పట్టుకోవాలి.

"ఏందిరా, ఈ పిల్ల మళ్ల మళ్ల సచ్చిపోతున్నది?"

కథ చెప్పి అడిగాను, "నువ్వైతే వెనక్కి పోతవా తాతా?"

"రెండొద్దులే గద. నేను ఆ బోరు నీళ్లు నలభై ఏండ్లు తాగిన."

"లిమిట్ లేదనుకో."

"పోయి ఏం తాగాలె? ఊర్ల ఇంకో నీళ్లున్నయా?"

పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంతా 'నల్గొండ టెక్నిక్' అనే పేరు. నేను దాన్ని గూగుల్‌లో చదివాను. తాత ఎన్నడూ చూడలేదట. ఇప్పుడు నల్లాలో కృష్ణా నీళ్లొస్తున్నాయి. నేను అవే తాగి పెరిగాను.

నేనేం మాట్లాడలేదు. తాతే అన్నాడు:

"ఇంకోటి పెట్టు. బతుకుతదేమో సూద్దం."