బేటీ నామినేషన్

హెచ్‌సీయూ హాస్టల్ నుంచి బేటీ ఫోన్: "అబ్బా, యూనియన్ ఎలక్షన్‌లో నిలబడుతున్నా. దువా చేయండి."

నాకు గుండె దడ. నన్ను కాలేజీలో చేర్చిన రోజే మా అబ్బాజాన్ చెప్పారు: "సియాసత్ జోలికి పోకు బేటా. గొడవైతే పేరు చూసి ముందు మనల్నే పట్టుకుంటారు." 1972లో ఉస్మానియా క్యాంపస్‌లో జార్జ్ రెడ్డిని చంపేసిన ఖబర్ ఆయన్ని జిందగీ అంతా వదల్లేదు. నేనూ జులూస్ కనబడితే చాలు, లైబ్రరీలో దూరేవాణ్ణి. ఫీజు కోసం కొట్లాడి లాఠీలు తిన్నది వేరే పిల్లలు. తగ్గిన ఫీజు మాత్రం నేనూ కట్టాను. ఆ షరం ఇంకా పోలేదు.

ఏమనాలో తోచక "ఖర్చెంత?" అన్నాను.

"లింగ్డో కమిటీ రూల్ అబ్బా, 5000 దాటొద్దు. పోస్టర్లు చేత్తో రాసినవే. హాజరు 75 శాతం ఉండాలి, నాకుంది."

ఇషా నమాజ్ తర్వాత దువాకు చేతులెత్తాను. ముందు హిఫాజత్ అడిగాను. గెలుపు తర్వాత.