షజరాలో పేరు లేనివాళ్ల పాట

పీట్ రాక్, సీఎల్ స్మూత్ అంటే మన ఇళ్లల్లో ఎవరికీ తెలీదు. రఫీ సాబ్ తెలుసు, నుస్రత్ ఫతే అలీ ఖాన్ తెలుసు, పిల్లలకైతే ఎమినెం కూడా తెలుసు. అసలు అమెరికాలోనే హిప్‌హాప్ మాట వస్తే జనం తూపాక్ అంటారు, బిగ్గీ అంటారు, నాస్ అంటారు. ఈ జోడీ పేరు రావాలంటే ఆ మహఫిల్‌లో ఎవరో ఒక పాత షౌకీన్ కూర్చుని ఉండాలి. నేను అలాంటి షౌకీన్‌ని. రాప్ అంటే గాలీలూ తుపాకులూ అనుకునే మన పెద్దల కోసమూ, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని తిరిగే మన పిల్లల కోసమూ ఇవాళ ఈ ఇద్దరి గురించి రాస్తున్నాను.

ఇద్దరూ న్యూయార్క్ సిటీకి ఆనుకుని ఉన్న మౌంట్ వెర్నన్‌లో పెరిగారు. పీట్ రాక్ అసలు పేరు పీటర్ ఫిలిప్స్. సంగీతం కూర్చేది ఎక్కువగా అతనే. సీఎల్ స్మూత్ అసలు పేరు కోరీ పెన్. మాట అతనిది. 1991లో ‘ఆల్ సోల్డ్ అవుట్’ అని ఒక చిన్న రికార్డు తెచ్చారు. 1992లో ‘మెక్కా అండ్ ద సోల్ బ్రదర్’, 1994లో ‘ద మెయిన్ ఇంగ్రీడియెంట్’. అంతే వాళ్ల ఆస్తి. 1995కల్లా విడిపోయారు.

‘మెక్కా’ అన్న మాట దగ్గర మీరు ఆగి ఉంటారు. మొదటిసారి ఆ కాసెట్ అట్ట చూసినప్పుడు నేనూ ఆగాను. అది మక్కా షరీఫ్ గురించి కాదు. సోల్ బ్రదర్ అంటే పీట్ రాక్, మెక్కా అంటే సీఎల్ స్మూత్. 1960లలో హార్లెంలో నేషన్ ఆఫ్ ఇస్లాం నుంచి విడిపోయి ఫైవ్ పర్సెంటర్స్ అనే జమాత్ ఒకటి పుట్టింది. వాళ్లు హార్లెంను మెక్కా అనీ, బ్రూక్లిన్‌ను మదీనా అనీ పిలుచుకునేవాళ్లు. వాళ్ల అఖీదా వేరు, మనది వేరు. కానీ ఆ లఫ్జ్‌లు న్యూయార్క్ గల్లీల్లో కలిసిపోయాయి. ఇల్లు వదిలి అంత దూరం వచ్చినవాడికి, ఏ అర్థంలో వాడినా సరే, ఆ రెండు పేర్లు చెవిన పడితే ప్రాణం లేచొచ్చేది.

నేను 1993లో బ్రాంక్స్‌లో దిగాను. టాక్సీ నడిపే మా బంధువు ఒకాయన సిఫారసుతో వేక్‌ఫీల్డ్‌లో ఒక కిరాణా దుకాణంలో నౌకరీ దొరికింది. 2 నంబరు రైలు ఆఖరి స్టేషన్ 241వ వీధి. అది అక్కడే ఉంటుంది. ఇంకాస్త నడిస్తే మౌంట్ వెర్నన్. ఆ మొహల్లాలో జమైకా నుంచి వచ్చిన కుటుంబాలు చాలా ఉండేవి. సాయంత్రంపూట సరుకు సర్దడానికి వచ్చే కుర్రాడొకడు కౌంటర్ వెనకున్న టేప్ రికార్డర్‌లో తన కాసెట్లు పెట్టేవాడు. ఆ మాటల వేగం ముందు నా ఇంగ్లీషు ఎటూ చాలేది కాదు. కానీ ఒక పాటలో శాక్సఫోన్ మొదలవగానే నా చేతిలో పని ఆగిపోయేది. షెహనాయికి షాదీ ఇంట్లో ఒక రంగు, బిదాయీ వేళ ఇంకో రంగు ఉంటుంది చూడండి, ఈ శాక్సఫోన్‌లో ఆ రెండూ ఒకేసారి వినపడేవి.

పాట పేరు ‘దే రెమినిస్ ఓవర్ యూ’. వాళ్లు నిన్ను యాద్ చేసుకుంటారు అని అర్థం. ఇంగ్లీషులో ఆ నాలుగు మాటల మొదటి అక్షరాలు కలిపితే ట్రాయ్ అనే పేరు వస్తుంది. ట్రాయ్ డిక్సన్ కూడా మౌంట్ వెర్నన్ కుర్రాడే. హెవీ డి అండ్ ద బాయ్స్ అనే బృందంలో డాన్స్ చేసేవాడు. హెవీ డి పీట్ రాక్‌కు కజిన్. 1990 జూలై 15న ఇండియానాపొలిస్‌లో షో అయ్యాక ట్రాయ్ ఎత్తు మీద నుంచి కింద పడి చనిపోయాడు. అప్పటికి అతనికి 22 ఏళ్లు. ఈ పాట అతని కోసం.

అంటే మర్సియా అన్నమాట అనుకున్నాను. ఆ కుర్రాడు కాసెట్‌ను ఆపుతూ, వెనక్కి తిప్పుతూ ఒక్కో చరణం అర్థం చెప్పాక తెలిసింది, ఈ మర్సియా పోయినవాడితో మొదలే కాదు. మొదట సీఎల్ స్మూత్ తను పుట్టిన రోజు చెప్తాడు. తన తల్లికి అప్పుడు 18 ఏళ్లని చెప్తాడు. తర్వాత ఒక చెల్లెలు పుట్టిందనీ, తండ్రి బాధ్యత తీసుకోలేదనీ చెప్తాడు. రెండో చరణంలో ఖాన్‌దాన్‌లోని ఒక పెద్దాయన వస్తాడు. కన్నవాడు పట్టించుకోకపోయినా ఈయన ఉండబట్టి నాకు ఎప్పుడూ తండ్రి ఉన్నట్టే అంటాడు. ట్రాయ్ వచ్చేది ఆ తర్వాత, ఆఖర్లో. వీధిలో జరిగిన ఒక కొట్లాట దగ్గర ఇద్దరికీ ఎలా పరిచయమైందో, ఎవరూ తనను నమ్మని రోజుల్లో ట్రాయ్ ఎలా నమ్మాడో చెప్తాడు.

ఆ అర్థం విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నాది నెల్లూరు, కోటమిట్ట. నాకు నాలుగేళ్లప్పుడు అబ్బా వేరే ఊళ్లో ఇంకో ఇల్లు పెట్టుకున్నారు. అమ్మీ నన్నూ ఆపాను తీసుకుని మామూ ఇంటికొచ్చింది. మామూది సైకిల్ రిపేరు దుకాణం. తన నలుగురు పిల్లలతో పాటు మమ్మల్నీ సాకాడు. స్కూలు ఫీజు ఆయనే కట్టాడు, ఖురాన్ చదవడానికి ఉస్తాద్ దగ్గర కూర్చోబెట్టింది ఆయనే, నా టికెట్ డబ్బుల కోసం దుకాణం తాకట్టు పెట్టిందీ ఆయనే. కానీ అబ్బా సంగతి మా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడేవాళ్లు కాదు. చుట్టాలు అడిగితే ‘బయట నౌకరీ’ అనే జవాబు తయారుగా ఉండేది. అలాంటిది, ఇక్కడ ఒకడు తన తల్లి వయసూ తన తండ్రి చేసిన పనీ లోకమంతా వినేలా చెప్పేశాడు. గొంతులో షరమ్ లేదు, గుస్సా కూడా లేదు. తండ్రి మీద రెండు మూడు మాటలు చెప్పి వదిలేశాడు. ఇజ్జత్ అంతా నిలబడ్డవాళ్లకు ఇచ్చాడు.

నాకు బాగా నచ్చినది ఇంకొకటుంది. ఆ పెద్దాయనను సీఎల్ వలీని చేయలేదు. ఆయన తాగుతాడు, తిడతాడు, జాజ్ వింటూ కూర్చున్నచోటే కునుకు తీస్తాడు. మన దగ్గర మర్హూం అనగానే మనిషి లోపాలన్నీ తుడిచేసి మాట్లాడతాం. అది అదబ్, నేను కాదనను. కానీ లోపాలతో పాటు మనిషి కూడా తుడుచుకుపోతాడు. మా మామూ రోజుకు రెండు కట్టల బీడీలు తాగేవాడు. లెక్క తప్పితే పానా విసిరేసేవాడు, ఆ తర్వాత తనే వెళ్లి వెతికి తెచ్చుకునేవాడు. ఆ పానా లేకుండా మామూ గురించి చెప్తే ఆయన మామూ కాదు, ఇంకెవరో.

ఇక సంగీతం మాట. ఆ శాక్సఫోన్ పీట్ రాక్ వాయించింది కాదు. 1967లో టామ్ స్కాట్ అనే కళాకారుడు చేసిన రికార్డులోది. అదీ మళ్లీ జెఫర్సన్ ఎయిర్‌ప్లేన్ అనే రాక్ బృందం పాటకు ఆయన చేసిన రూపం. పీట్ రాక్ పేరు ఎస్పీ-1200 అనే యంత్రంతో ముడిపడి ఉంది. దాని జ్ఞాపకశక్తి మొత్తం కలిపి పది సెకన్లే. అందుకని ఆ జమానా వాళ్లు 33 వేగం రికార్డును 45 మీద తిప్పి గబగబా పట్టుకునేవాళ్లు, ఆ తర్వాత యంత్రంలో నిదానం చేసేవాళ్లు. అందులో శబ్దం కొంచెం గరుకెక్కుతుంది. పాత రేడియోలో నాత్ విన్నప్పుడు వచ్చే గరుకు లాంటిదే. ఎవరో ఎప్పుడో వదిలేసి పోయిన రెండు సెకన్ల ఆవాజ్‌ను దుమ్ము దులిపి కొత్త ఇంట్లో కూర్చోబెట్టడం పీట్ రాక్ పని. నన్నూ ఆపానూ మామూ చేసింది కూడా అదే కదా అని చాలాసార్లు అనిపించింది.

1997 చలికాలంలో నెల్లూరు నుంచి ఫోన్ వచ్చింది, మామూ ఇంతఖాల్ అని. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. అప్పటికి నా కాగితాలు తేలలేదు. వెళ్తే తిరిగి రాలేను, రాకపోతే ఇటు ఆపా పిల్లల చదువులు ఆగుతాయి. నెల్లూరులో అసర్ తర్వాత జనాజా లేచింది. న్యూయార్క్‌లో అప్పుడే తెల్లారుతోంది. ఫజర్ చదివి, దువా చేసి, దుకాణం షట్టర్ ఎత్తాను. సాయంత్రం ఆ కుర్రాడు నా మొహం చూసి ఏమైందన్నాడు. ‘అంకుల్’ అని నోటిదాకా వచ్చింది. ఇంగ్లీషులో మామూ అంకులే, చాచా అంకులే, ఖాలూ అంకులే, పక్కింటాయన కూడా అంకులే. ఆ మాట బయటికి రాలేదు. ‘మా నాన్న పోయాడు’ అన్నాను. మామూను ఆ మాటతో పిలవడం అదే మొదలు. వాడు ఇంకేమీ అడగలేదు. టేప్ రికార్డర్ దగ్గరికి వెళ్లబోయి, నా వైపు చూసి, ఆగాడు. పెట్టు అన్నాను.

మరి ఇంత మంచి జోడీకి రావలసినంత పేరు ఎందుకు రాలేదు? వాళ్ల జమానా అలాంటిది. 1992 చివర్లో డాక్టర్ డ్రే ‘ద క్రానిక్’ వచ్చింది, 1993లో వు-టాంగ్ క్లాన్ వచ్చారు, 1994లో నాస్, బిగ్గీ వచ్చారు. ఆ హోరులో నిదానంగా మాట్లాడే సీఎల్ గొంతు వెనకబడింది. నాస్ మొదటి ఆల్బంలో ‘ద వరల్డ్ ఈజ్ యువర్స్’ పాటకు సంగీతం పీట్ రాక్‌దే, పల్లవిలో గొంతు కూడా అతనిదే. పాట నాస్ పేరు మీద బతుకుతోంది, అది సహజం. సంగీతకారుడిగా పీట్ రాక్‌కు గౌరవం మిగిలింది, సీఎల్ స్మూత్‌ను మాత్రం షౌకీన్లే గుర్తుపెట్టుకున్నారు. అయినా అమెరికాలో ఏ రేడియో డీజే అయినా పోయిన దోస్తును యాద్ చేసుకోవాలనుకుంటే ఇప్పటికీ చెయ్యి ఈ పాట వైపు వెళ్తుంది. 2011లో హెవీ డి కూడా వెళ్లిపోయాడు. ట్రాయ్ కోసం కట్టిన పాటే అతనికీ సరిపోయింది.

పోయిన రంజాన్‌లో మా ఖాన్‌దాన్ షజరాను పిల్లల కోసం మళ్లీ రాయించారు. చాలా అందంగా ఉంది, మాషా అల్లా. ఏడు తరాలు, తండ్రి నుంచి కొడుక్కి, కొడుకు నుంచి మనవడికి. నా పేరు మీద అబ్బా పేరు ఉంది, ఉండాల్సిందే, నసబ్ అబద్ధం కాకూడదు. మామూ వేరే ఖాన్‌దాన్ కాబట్టి అందులో ఆయనకు జాగా లేదు. నేను పెన్ను తీసుకుని నా పేరు పక్కన అడ్డంగా ఒక గీత గీసి, చివర మామూ పేరు రాశాను. దాని కింద ‘సైకిల్ దుకాణం, కోటమిట్ట’ అని కూడా రాశాను.

ఈ గీతేంటి అబ్బా, అన్నీ కిందికి పోతుంటే ఇదొక్కటే పక్కకు పోతోంది అని మా అమ్మాయి అడిగింది. కూర్చో బేటా, ముందు ఒక పాట విను అన్నాను.