నెమలిలో గిటారుకు చికిత్స

నెమలి వెళ్తున్నానంటే మావాళ్ళంతా "స్వామి దర్శనానికా?" అన్నారు. దర్శనానికే! కానీ వృత్తి వదలదుగా? బెజవాడలో నాది గిటార్లు బాగుచేసే పని. ఎలెన్ కీలు, చిన్న స్క్రూడ్రైవరు, సోల్డరింగ్ ఐరన్ సంచీలో లేకుండా గడప దాటను.

మైలవరం మీదుగా తిరువూరు. అక్కడ దిగి గంపలగూడెం వైపు మరో బండి. ఒకప్పటి కృష్ణా జిల్లా, 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా. ఊరి పేరు నెమలి, కొలువైనవాడు వేణుగోపాలుడు. పింఛమూ, పిల్లనగ్రోవీ ఒక్కచోటే అన్నమాట!

ఆ రాత్రి గుడి దగ్గర సినిమా పాటల ఆర్కెస్ట్రా. మధ్యాహ్నం మైకుసెట్టు వాళ్ళు బాక్సులు దించుతున్నారు. స్టేజీ వెనక ఓ కుర్రాడు ఎలక్ట్రిక్ గిటారు ఒళ్ళో పెట్టుకుని దిగులుగా కూర్చున్నాడు.

"ఏం తమ్ముడూ, అలా ఉన్నావు?"

"శ్రుతి కలవట్లేదు మాస్టారూ. కింద బాగానే ఉంటుంది, పైమెట్లకి వెళ్తే అపస్వరం. ఇవాళ కూడా ఇంతే అయితే గిటారు బిట్లు కూడా కీబోర్డు మీదే వాయించేస్తామన్నారు."

అదీ సంగతి! కీబోర్డు వచ్చాక ఎందరి చోట్లోనో ఒక్కడే కూర్చుంటున్నాడు. పాపం, అంతకుముందు ఏదో షాపుకి తీసికెళితే "వాద్యంలో లోపం లేదు, నీ వేళ్ళలోనే ఉంది" అన్నారట. వీడు నమ్మేశాడు కూడా! ఏడాదిగా రోజూ సాధన చేస్తున్నాడు, వేళ్ళు కాయలు కాసేలా.

గిటారు అందుకున్నాను. పన్నెండో మెట్టు తీగకు సగం. అక్కడ తీగని తాకీ తాకనట్టు మీటినా, మెట్టుకి నొక్కి మీటినా ఒకే స్వరం పలకాలి. దీనిలో నొక్కినప్పుడు స్వరం పైకి పోతోంది. తీగలు లాగీ లాగీ మెడ ముందుకు వంగింది. తీగలు ఎత్తులో ఉన్నాయి. అంత ఎత్తునుంచి నొక్కితే తీగ సాగుతుంది, సాగితే స్వరం పెరుగుతుంది. వేళ్ళదేం తప్పు?

మెడ లోపల ఉక్కు కడ్డీ ఒకటుంటుంది, ట్రస్ రాడ్ అంటారు. దాన్ని పావు చుట్టు బిగించి ఆగాను. తొందరపడి తిప్పితే కడ్డీ విరుగుతుంది, అప్పుడు వేణుగోపాలుడే దిక్కు! మళ్ళీ ఓ పావు చుట్టు. లావు తీగని పన్నెండో మెట్టు దగ్గర 2 మిల్లీమీటర్ల ఎత్తుకి దించాను. ఇంకా కాస్త తేడా ఉంది. బ్రిడ్జి మీది శాడిళ్ళు వెనక్కి జరిపి తీగ పొడవు పెంచాను.

ఇక్కడ మన వీణ గుర్తొస్తుంది. తిరువూరు నుంచి విస్సన్నపేట మీదుగా వెళితే నూజివీడు, వీణలకి పేరుపడ్డ ఊరు. పనస కర్ర, 24 మెట్లు, ఆ మెట్లని మైనంలో నిలబెడతారు. స్వరం తప్పితే మైనాన్ని మెత్తబరిచి మెట్టునే జరపొచ్చు. గిటారు మెట్లు కర్రలో దిగేసినవి, జరగవు. అందుకే తీగ పొడవుతో తంటాలు! ఏ వాద్యమైనా మనిషి చేతికి ఒదగాలి. మన పాలకొల్లు శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్‌నే చూడండి. ఎనిమిది తీగల వాద్యాన్ని అయిదు తీగలకు మార్చుకుని కర్ణాటక సంగీతం పలికించారు.

ఇక గుయ్‌మని హమ్మింగు. తీగలమీద చెయ్యి వేస్తే తగ్గలేదు, జాక్ మీద వేస్తే తగ్గింది. అంటే బ్రిడ్జికి వెళ్ళే ఎర్త్ వైరు ఊడిందన్నమాట. విప్పి చూస్తే అదే! మైకుసెట్టు బోర్డులో ఐరన్ పెట్టి చిన్న టాకా వేశాను.

కుర్రాడు పైమెట్ల మీద ఓ కార్డు పట్టాడు. ఇంకోటి పట్టాడు. తలెత్తలేదు.

"నావేళ్ళు కాదన్నమాట..." అన్నాడు చివరికి.

"కాదురా నాయనా! కానీ ఒక్కటి గుర్తుంచుకో. ఎండకి తీగ వదులవుతుంది, చల్లబడితే బిగుస్తుంది. ఇప్పుడు కలిపిన శ్రుతి రాత్రికుండదు. స్టేజీ ఎక్కాక మళ్ళీ కలుపుకో."

దర్శనం చేసుకుని వచ్చేసరికి లైట్లు వెలిగాయి. అనౌన్సర్ అందరికీ స్వాగతం చెబుతున్నాడు. ఆ వెనక, కుర్రాడు బిరడాలు తిప్పుతుంటే, కీబోర్డు అతనే ఒక స్వరం నొక్కిపట్టి ఉంచాడు, వీడి తీగ వచ్చి కలిసేదాకా.