ఉచ్చారణకు ఐదు మార్కులు

పదిమందిలో మాట్లాడటం ఎట్లాగో మాకు నేర్పుతామంటున్నారు. సంతోషం. నేర్చుకుంటాం. నేర్చుకోకపోతే ఇంటర్వ్యూ గదిలో మా సర్టిఫికెట్లు వాటంతటవే మాట్లాడవని మాకూ తెలుసు. కానీ ఒక్క మాట అడగాలి. మా మాటకు మార్కులు వేసే ఆ కాగితం మీద గళ్లు గీసిందెవరు? ఎవరి నోటిని కొలతగా పెట్టుకుని గీశారు?

మాది బీర్కూర్. 2016 అక్టోబర్ దాకా నిజామాబాద్ జిల్లా, ఇప్పుడు కామారెడ్డి జిల్లా. మంజీర ఒడ్డు. నిజాంసాగర్ నీళ్లతో వరి పండే నేల. ఏటి అవతల బిచ్కుంద, మద్నూర్, జుక్కల్ దిక్కు పోతే తెలుగుతో పాటు మరాఠీ, కన్నడం చెవిన పడతాయి. మా ఇంట్లో దక్కనీ ఉర్దూ. గడప దాటితే తెలుగు. 'వద్దు' అనడానికి మేం అనే 'నక్కో' మరాఠీ నుంచి వచ్చి మా నోట్లో స్థిరపడింది. పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా రెండు మూడు భాషల మధ్య తిరిగే నోళ్లు మావి. ఇంకెవరికైనా ఇట్లా ఉంటే బహుభాషా పాండిత్యం అంటారు. మాకుంటే 'తురక తెలుగు' అంటారు!

డిగ్రీలో కమ్యూనికేషన్ స్కిల్స్ క్లాసు. సారు క్లాసును నాలుగు గ్రూపులు చేశారు. తెలుగు మీడియం పిల్లలు ఎక్కువ గనుక తెలుగులోనే చెప్పొచ్చన్నారు. అంశం అందరికీ ఒకటే, పదిమందిలో మాట్లాడే నేర్పు. ఒక గ్రూపుకు స్టేజీ భయం, ఒక గ్రూపుకు నిలబడే తీరు, ఒక గ్రూపుకు గొంతు, మా గ్రూపుకు వినేవాళ్లను ఆకట్టుకోవడం. ఒక గ్రూపు చెబుతుంటే మిగతా మూడు గ్రూపులు మార్కులు వేయాలి. కాగితం మీద ఐదు గళ్లు: విషయం, ధైర్యం, హావభావాలు, ఉచ్చారణ, కలిసికట్టుతనం. గడికి 5 చొప్పున మొత్తం 25.

మొదటి గ్రూపులో చెప్పినతని చేతిలో కాగితం వణికింది. వణికే చేత్తోనే భయం గురించి చివరిదాకా చెప్పాడు. ధైర్యం గడిలో మేం ఐదుకు ఐదు వేశాం. పక్క బెంచీ వాళ్లు ఒకటి వేశారు. వణికాడు గదా అన్నారు. భయం లేనివాడికి ధైర్యం అవసరం ఏముంది? రెండో గ్రూపు ఎక్కడా తడబడలేదు. చేతులు ఎక్కడ పెట్టాలో, ఎప్పుడు నవ్వాలో అంతా సినిమా లెక్క చేసి చూపించారు. ఒక్క ప్రశ్న అడిగితే ముఖాలు చూసుకున్నారు. విషయానికి రెండు వేశాం. ఎందుకు వేశామో పక్కన ఒక వాక్యం రాశాం. రాయమని ఎవరూ చెప్పలేదు. మార్కు కోసే చెయ్యి కారణం చెప్పాలని మేమే అనుకున్నాం.

మూడో గ్రూపు బోర్డు మీద మూడు అంకెలు రాసింది. 7, 38, 55. మనిషి మాటలో పదాల విలువ 7 శాతమే, గొంతుది 38, ముఖానిది 55 అని చెప్పింది. క్లాసంతా రాసుకుంది. ఈ అంకెలు ఇట్లాంటి క్లాసుల్లో ప్రపంచమంతా తిరుగుతున్నాయి. వీటి పుట్టుక వేరు. 1967లో ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు అమెరికాలో చేసిన రెండు చిన్న ప్రయోగాల నుంచి వచ్చాయివి. విడివిడి పదాలు వినిపించి, చెప్పే మనిషికి ఇష్టం ఉందా లేదా అని అడిగిన ప్రయోగాలు అవి. ఇష్టాయిష్టాల గురించి మాట్లాడేటప్పుడు తప్ప మిగతా మాటలకు ఈ లెక్క వర్తించదని ఆయనే చెప్పాడు. ఆ సంగతి ఎవరూ బోర్డు మీద రాయరు.

ఈ అబద్ధపు లెక్కతో మీకు పెద్ద నష్టం లేకపోవచ్చు. మాకు ఉంది. పదాలకు 7 శాతమే అయితే, చదివి తెలుసుకుని చెప్పేదానికి విలువ అంతే అన్నమాట. మిగిలిన 93 గొంతుకూ ముఖానికీ పోయాయి. గొంతులో యాస ఉంది. నఖాబ్ వేసుకున్న పిల్లకు ముఖంలో సగం కనబడదు. స్టేజీ ఎక్కకముందే ఆమె ఎన్ని మార్కులు పోగొట్టుకుందో మీరే లెక్క కట్టండి.

మా గ్రూపు తరఫున లేచింది అట్లాంటి పిల్లే. మా వైపు చాలా ఇళ్లలో ఆడవాళ్లు బీడీలు చుడతారు. వెయ్యి బీడీల లెక్కన కూలి. బాగాలేవని ఠేకేదారు తీసి పారేసినవి లెక్కలోకి రావు. ఆమె వాళ్ల అమ్మీ గురించి చెప్పింది. "మా అమ్మీ ఏ క్లాసుల నేర్వలే. ఠేకేదారు బీడీలు తీసి పారేస్తుంటే ఒక్కొక్కటి చేతికి తీసుకుని అడుగుతది, ఇది ఎందుకు బాగాలేదో చెప్పు భాయ్ అని. ఆయన చెప్పలేకపోతే బీడీ మల్ల కట్టలకే పోతది" అంది. ఆ తర్వాత, మాట్లాడేటప్పుడు వినేవాళ్ల కళ్లు చూడాలని చెప్పబోయింది. 'కళ్లు' ఆమె నోట్లో 'కల్లు' అయింది. అంతే! క్లాసు గొల్లుమంది. వెనక నుంచి ఎవరో "ఏ చెట్టు కల్లు?" అన్నారు.

ఆమె ఆగింది. నవ్వు అయిపోయేదాకా నిలబడింది. తర్వాత మిగిలింది చెప్పి కూర్చుంది. భయం వేస్తే ఆగండి, ఊపిరి తీసుకోండి, మళ్లీ మొదలుపెట్టండి అని మొదటి గ్రూపు చెప్పింది సరిగ్గా అదే. కాగితాలు తిరిగొచ్చాయి. ఉచ్చారణకు ఒకటి. సరే అనుకుందాం. విషయానికి రెండు! ధైర్యానికి రెండు! ఒక కాగితం మీద 'తెలుగు నేర్చుకోవాలి' అని రాసి ఉంది. ఒక గడిలో మొదలైన నవ్వు అన్ని గళ్లలోకీ పాకింది.

ఉర్దూలో 'ళ' లేదు. 'ణ' లేదు. ఉర్దూ ఇంట్లో పుట్టిన నోరు 'కళ్లు'ను 'కల్లు' అనడంలో వింత లేదు. మీరు 'నమాజు' అంటారు, 'గజలు' అంటారు. ఆ 'జ' మా నోట్లో పలికే 'జ' కాదు. ఆ 'గ' కూడా వేరే. తెలుగు లిపిలో వాటికి అక్షరాలే లేవు. మీరు అట్లా అన్నప్పుడు మాలో ఎవరైనా గొల్లున నవ్వారా? మీ మాటకు మార్కులు కోశారా? సినిమాలో సాయిబు పాత్ర వస్తే మాత్రం వంకర తెలుగు పలికించి నవ్విస్తారు. ఆ నవ్వు అలవాటై క్లాసులోకి వచ్చింది.

ఈ నవ్వు సంగతి తెలుగువాళ్లకు తెలియనిది కాదు. 1921 నవంబర్‌లో హైదరాబాద్‌లో సంఘ సంస్కరణ సభ జరిగింది. ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడటానికి లేస్తే సభలో గేలి చేశారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ జరిగే దాకా నడిచింది ఆ దారే. ఆ తర్వాత తెలంగాణ యాసను చూసి నవ్వారు. ఆ నవ్వు కూడా 2014 రాష్ట్రానికి ఒక కారణమే. నాలుకను చూసి నవ్వితే ఎట్లుంటుందో రెండుసార్లు అనుభవించిన వాళ్లకు మూడోసారి మేం విడమరచి చెప్పాలా? 2017లో ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాష చేశారు. చట్టంలో చోటు దొరికింది. మార్కుల కాగితం మీద ఇంకా దొరకలేదు.

ఇట్లాంటి కాగితం మా ఇళ్లలోనూ ఉంది. దాచడం ఎందుకు? ఢిల్లీ, లక్నో ఉర్దూవాళ్లు మా దక్కనీ విని నవ్వుతారు. మేం 'ఖాఫ్'ను 'ఖ' అంటామని వెక్కిరిస్తారు. ఉర్దూ ఇళ్లవాళ్లు తెలుగే ఇంటి భాషైన దూదేకులవాళ్లను 'ఉర్దూ రాని తురకలు' అంటారు. మా మజ్లిసుల్లో మైకు ఆడవాళ్ల చేతికి ఎన్నిసార్లు వచ్చింది? బయట న్యాయం అడిగేవాళ్లం ఇంట్లో గళ్లు కూడా చెరిపేయాలి.

ఉచ్చారణ అసలే వద్దని మేం అనడం లేదు. చెప్పింది అర్థం కావాలి. అర్థమైందా లేదా అన్నదానికి ఒక గడి పెట్టండి. 'కల్లు' విని నవ్విన ప్రతివాడికీ ఆమె కళ్ల గురించే చెబుతోందని అర్థమైంది. అర్థమయ్యే నవ్వారు. అప్పుడు ఆ మార్కు దేనికి కోసినట్టు?

1924లో కాలిఫోర్నియాలో మొదలైన టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బులు ఇప్పుడు మన నగరాల్లోనూ ఉన్నాయి. అక్కడ ఒకరు మాట్లాడితే ఇంకొకరు లేచి మంచిచెడ్డలు చెబుతారు. ఆ చెప్పినవాళ్లు ఎట్లా చెప్పారో చూడటానికి మళ్లీ ఒకరుంటారు. మా క్లాసులకు కావలసింది ఆ మూడో మనిషి. మార్కు వేసేవాళ్లకు కూడా మార్కు ఉండాలి. విన్నారా, నవ్వారా? విషయం గడిలో విషయానికే వేశారా, పేరుకూ బట్టకూ వేశారా?

రేపు ఈ క్లాసులో వాళ్లే బ్యాంకు కౌంటర్లలో, ఇంటర్వ్యూ బల్లల వెనక కూర్చుంటారు. మా పిల్లలు ఎదురుగా నిలబడతారు. అప్పుడు నవ్వకపోవచ్చు, కాగితం మీద మాత్రం ఒకటి వేస్తారు. అందుకే ఇప్పుడే అడుగుతున్నాం. తక్కువ వేయాలనుకుంటే వేయండి. పక్కన కారణం రాయండి. బీడీ చేతికి తీసుకున్న ఆ అమ్మీ అడిగినట్టే అడుగుతాం, ఇది ఎందుకు బాగాలేదో చెప్పు భాయ్. చెప్పలేకపోతే మా మార్కు మాకు తిరిగి ఇవ్వండి.