మాడిన గింజ చెప్పిన సాక్ష్యం

కర్నూలు–కడప రహదారి విస్తరణ పనులు మా ఊరి దాకా వచ్చినప్పుడు, దారి పక్కనున్న మా చేనులో ఒక అంచు రోడ్డు కిందికి పోయింది. పరిహారం ముట్టింది. అయినా యంత్రం మట్టిని కోస్తుంటే అబ్బాజాన్ గట్టుమీద కూర్చొని చాలాసేపు మౌనంగా చూస్తూ ఉండిపోయారు. నల్లరేగడి కింద ఒకచోట బూడిదరంగు పొర బయటపడింది. అందులో కుండపెంకులు, ఒకవైపు అరిగి నునుపెక్కిన నూరుడు రాయి. “ఏదో పాత దిబ్బ” అన్నాను నేను. సాయంత్రానికి ఆ మట్టి టిప్పర్లలో వెళ్ళిపోయింది. రాతిని మాత్రం అబ్బాజాన్ ఇంటికి తెచ్చారు.

కొన్నేళ్ళ తర్వాత, కడప జిల్లా హనుమంతరావుపేట గురించి చదివాను. అక్కడి నవీన శిలాయుగపు పల్లె మట్టిని డోరియన్ ఫుల్లర్, రవి కోరిశెట్టర్, పి.సి. వెంకటసుబ్బయ్య మొదలైన పరిశోధకులు పరీక్షించారు. పద్ధతి సులభమైనదే. మట్టిని నీటిలో కలిపితే మాడిన గింజలు పైకి తేలుతాయి. వాటిని సన్నని జల్లెడతో పట్టి, ఆరబెట్టి, సూక్ష్మదర్శినిలో చూస్తారు. పచ్చి గింజ మట్టిలో కుళ్ళిపోతుంది, మాడి బొగ్గైనది నిలుస్తుంది. దక్షిణాదిలోని ఇలాంటి పల్లెల్లో తరచుగా దొరికినవి ఉలవలు, పెసలు, అండుకొర్రలు. సుమారు 3,500 ఏళ్ళ కిందటి పంట అది.

ఉలవలు! దాదీమా వాటిని ‘కుల్తీ’ అనేవారు. వాన మొహం చాటేసిన ఏడు చివరికి చల్లే గింజ అదే. ఏ ఇల్లాలో పొయ్యి దగ్గర పొరపాటున మాడ్చిన పిడికెడు గింజలు ఈ సీమ తొలి రైతుల గురించి నేటికీ సాక్ష్యమిస్తున్నాయి.

అప్పుడు నా తప్పు నాకు అర్థమైంది. మా చేనిలోని దిబ్బ వందేళ్ళ నాటిదో, వేల ఏళ్ళ నాటిదో ఇక ఎవరూ చెప్పలేరు. రాయి మా ఇంట్లోనే ఉంది. కానీ దాని వయసు చెప్పవలసిన మట్టి రోడ్డు కింద ఉంది.

రోడ్డు వద్దని నేననను. మా పిల్లలు చదువుకు, మా రోగులు ఆసుపత్రికి వెళ్ళేది ఆ దారినే. ఇంగ్లండులో కేంబ్రిడ్జ్–హంటింగ్డన్ల మధ్య ఏ14 రహదారిని పునర్నిర్మించే సందర్భంలో పురావస్తు నిపుణులు ఆ మట్టిని తవ్వి పరిశీలించారు. ప్రాచీన పల్లెల ఆనవాళ్ళు వెలుగుచూశాయి, రోడ్డూ పూర్తయింది. మన 1958 నాటి కేంద్ర పురావస్తు చట్టం జాతీయ ప్రాధాన్యం గలవిగా ప్రకటించిన స్థలాలకే రక్షణ కల్పిస్తుంది. చేని అడుగున పేరు లేకుండా పడుకున్న పల్లెకు ఆ నీడ అందదు. దానికి కాపలా మన కళ్ళే.

భూమిపై సంచరించి, మనకు ముందు గడిచినవారి జాడలను గమనించమని దివ్య ఖుర్ఆన్ పదేపదే ఆహ్వానిస్తుంది. ఆ జాడ నా కాళ్ళ ముందుకే వచ్చింది. నేను దిబ్బ అన్నాను.

మీ ఊళ్ళో కాలువకో, రోడ్డుకో తవ్వేటప్పుడు బూడిదమట్టి, పెంకులు కనిపిస్తే దేన్నీ కదపకండి. ఫోటో తీసి, పురావస్తు శాఖకో, కడపలోని భగవాన్ మహావీర్ ప్రభుత్వ మ్యూజియానికో వెంటనే తెలియజేయండి. మా వంటింటి గడప పక్కనున్న ఆ రాయిని చూసి మా అమ్మాయి, “ఇది ఎవరిది అబ్బా?” అని అడుగుతూ ఉంటుంది. మీ పిల్లలు అడిగిననాడు మీ దగ్గర జవాబుండాలి.